తువ్వాల కింది మాట

మా పెద్దబాపు పోయిన సంగతి నాకు జగిత్యాలలో తెలిసింది. ఎరువుల దుకాణం ముందు లైన్లో నిలబడి ఉండగా ఆయన కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, బాపు పోయిండే. ఇంట్లనే పోయిండు" అన్నాడు. నేను ఎప్పుడు అని అడిగాను. దానికి జవాబు చెప్పకుండా "ఇంట్లనే పోయిండన్నా" అని మళ్లీ అన్నాడు. చదివేవాళ్లకు అది మామూలు మాటే. మా ఇంట్లో అది ఎందుకంత బరువైన మాట అయిందో చెప్పాలంటే ఆయన గురించి కొంత చెప్పాలి.

పెద్దబాపు అంటే మా నాయనకు అన్న. చందుర్తి అవతల మా ఊరు. ఆయన పశువుల అంగట్లో దళారి. ఎడ్లు అమ్మేవాడికీ కొనేవాడికీ నడుమ నిలబడి బేరం తెంపడం ఆయన పని. కోరుట్ల వైపు, సిరిసిల్ల వైపు ఎక్కడ అంగడి జరిగితే అక్కడికి పోయేవాడు. బడికి పోలేదు. సంతకం రాదు, వేలిముద్రే. ఆయన బతుకంతా నోటి మీద నడిచింది. అంగడిలో ఆ కొసన ఆయన అరిస్తే ఈ కొసన చాయ్ తాగుతున్న మాకు వినపడేది.

"ఏం పటేలా, ఎద్దును జూస్తున్నవా, పిల్లను జూస్తున్నవా? జల్ది చెప్పు, పొద్దుగూకుతంది" అని రైతులను ఆటపట్టించేవాడు. ఎవరూ కోపానికి వచ్చేవారు కాదు. ఆయనకు కోపం వచ్చే సందర్భం ఒక్కటే. బేరం తెగాక వెనక్కి తగ్గిన మనిషిని ఆయన మళ్లీ పలకరించేవాడు కాదు. "తెగినంక తెగినట్టే" అనేవాడు. సొంత బావమరిదితో కూడా ఒక కోడె విషయంలో ఏండ్లకు ఏండ్లు మాట్లాడలేదు.

ఆయన గొంతు బొంగురుపోయినప్పుడు అరిచి అరిచి అట్లా అయిందనుకున్నాం. బీడీ తగ్గించమని పెద్దమ్మ పోరు పెట్టింది. ఊళ్లో సూదులు వేయించుకున్నాడు. ముద్ద మింగితే నొప్పి అని చెప్పాక గాని జగిత్యాలలో పెద్ద డాక్టరుకు చూపించలేదు. అక్కడి నుంచి హైదరాబాద్ పంపారు. గొంతు క్యాన్సర్ అన్నారు.

ముందు కరెంటు పెట్టాలన్నారు, అంటే రేడియేషన్. దానికంటే ముందు పాడైన పళ్లు తీయాలని చాలా పళ్లు పీకేశారు. చూడడానికి వెళ్లిన మాతో ఆయన బోసినోటితో అన్నాడు: "ఎద్దుకు పండ్లు జూసి ఈడు చెప్తం గదరా. నాకు గవ్వి గూడ పీకిండ్రు. ఇగ నా ఈడు చెప్పెటోడు లేడు. మీ ఇట్టమొచ్చిన వెల కట్టుకోండ్రి." మేం నవ్వాం. పెద్దమ్మ నవ్వలేదు.

కరెంటుతో అది పోలేదు. స్వరపేటిక తీసేయాలని డాక్టరు చెప్పాడు. పెద్దబాపు ఒక్కటే అడిగాడు. "గొంతు పోతే మనిషి ఉంటడా సారూ?" ఉంటాడని డాక్టరు అన్నాడు. "అట్లయితే తియ్యి" అన్నాడు. ఆపరేషన్‌కు తీసుకుపోతుంటే కొడుకును దగ్గరికి పిలిచాడు. ఏం చెబుతాడోనని అందరం దగ్గరికి పోయాం. "నా చెప్పులు పైలం. దవాఖానల చెప్పులు ఉండయి" అన్నాడు. ఆయన గొంతుతో మేం విన్న ఆఖరి మాట అదే.

ఇంటికి వచ్చాక అసలు కష్టం మొదలైంది. మెడ ముందు రంధ్రం, ఊపిరి అందులోనుంచే. దగ్గు వస్తే కళ్లె అందులోనుంచే బయటపడేది. దవాఖానలో పలక ఇచ్చారు గాని రాయడం రాని మనిషికి పలక ఎందుకు? చూడవచ్చినవాళ్లు ఆయన ఎదుటే పెద్దమ్మను అడిగేవాళ్లు, "తింటుండా? పంటుండా?" అని. ఇంకొందరు చెవిటివాడితో మాట్లాడినట్టు ఆయన చెవి దగ్గర అరిచేవాళ్లు. ఆయన మంచం పట్టె మీద అరచేత్తో కొట్టేవాడు. ఒకసారి నీళ్ల చెంబు విసిరాడు. తర్వాత కొట్టడం కూడా మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. "మనిషి ఇంట్లనే ఉన్నడు గని, ఎవ్వలు ఆయన్ను అడుగుతలేరు బిడ్డా. నేను గూడ మరిచిపోతున్న" అంది పెద్దమ్మ నాతో.

మెడకు ఆనించి మాట్లాడే చిన్న మిషన్ ఒకటి కొడుకు తెచ్చిచ్చాడు. సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసే పిల్లగాడు, ఆ చప్పుడుకు అలవాటు పడినవాడు, ఈ మిషన్ చప్పుడు ఏపాటిది అనుకున్నాడు. పెద్దబాపు దాన్ని జేబులో పెట్టుకుని అంగడికి బయలుదేరాడు. నేనే బండి మీద తీసుకుపోయాను. ఒక ఎడ్ల జత దగ్గర నిలబడి మిషన్ మెడకు పెట్టి బేరం మొదలుపెట్టాడు. గుర్రుమని లోహపు గొంతు ఒకటి వచ్చింది. ఎడ్లు రెండూ బెదిరి పలుపులు తెంపుకున్నంత పని చేశాయి. రైతు వాటిని పట్టుకుంటూ "ఓ పెద్దమనిషీ, నీకు దండం పెడ్త, దాన్ని బందువెట్టు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. పెద్దబాపు కూడా నవ్వాడు. చప్పుడు లేదు, భుజాలు మాత్రం ఊగాయి. ఆ మిషన్‌ను మళ్లీ అంగడికి తీసుకుపోలేదు.

మీలో పాత అంగళ్లు చూసినవాళ్లకు తెలుసు, వెనుకట ఎడ్ల బేరంలో ఎంత అరిచినా ధర మాత్రం నోటితో చెప్పేవాళ్లు కాదు. చేతుల మీద తువ్వాల కప్పి, దాని కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకునేవాళ్లు. వేళ్లు ఎన్ని పడితే అంత. అరచేతిలో గీకితే వద్దని. చెయ్యి మొత్తం పట్టి నొక్కితే ఒప్పుకున్నట్టు. పక్కన నిలబడ్డవాడికి ఏం తెలియదు. ఇప్పుడు అందరూ పైకే చెప్పేస్తున్నారు, ఫోన్లలో ఫోటోలు చూసి బేరాలు చేస్తున్నారు. ముసలివాళ్లు కొందరికే ఆ పద్ధతి గుర్తుంది. తర్వాతి అంగడికి పెద్దబాపు భుజం మీద తువ్వాల వేసుకుని వచ్చాడు.

మొదట ఎవరూ చెయ్యి పెట్టలేదు. మెడ రంధ్రం మీద కప్పిన తడిగుడ్డ చూసి ఒకతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అంటుకుంటుందని భయం. పెద్దబాపు చాపిన చెయ్యి చాపినట్టే ఉంచాడు. ఆయనతో జీవితమంతా పోటీపడిన ఇంకో దళారి, కోనరావుపేట మనిషి, దూరం నుంచి చూసి వచ్చాడు. "ఏం బావా, నోరు వోతే వోయింది, నీ పీడ విరగడైందనుకున్న. మళ్ల అచ్చినవా?" అంటూ తువ్వాల కింద చెయ్యి దూర్చాడు. ఇద్దరూ చాలాసేపు పెనుగులాడారు. "ఆగవయ్యా, వేళ్లు విరగ్గొడ్తవా ఏంది! గొంతు పోయింది గని లొల్లి పోలే" అని ఆయన అరిచాడు. ఆ రోజు ఒక ఎడ్ల జత బేరం తెగింది.

ఆ తర్వాత ఏడాదికి పైగా ఆయన అంగళ్లకు తిరిగాడు. వెనుకటంత పని దొరకలేదు. కుర్ర రైతులకు ఆ వేళ్ల లెక్క తెలియదు. దుమ్ము లేస్తే రంధ్రం మూసుకుపోయి ఉక్కిరిబిక్కిరయ్యేవాడు. పశువుల లారీ ఏదన్నా ఉంటే దాని వెనక్కి పోయి తానే శుభ్రం చేసుకుని వచ్చేవాడు. కానీ గోడవైపు తిరిగి పడుకోవడం మాత్రం పోయింది. ఇంట్లో కూడా కూరలో ఉప్పు దగ్గర నుంచి పొలం కౌలు దాకా ఏదైనా చెయ్యి పట్టుకుని ఆ వేళ్ల లెక్కతోనే అవుననో వద్దనో చెప్పేవాడు. పెద్దమ్మ కూడా వచ్చినవాళ్లతో "నన్నెందుకు అడుగుతరు, ఆయన లేడా?" అనడం మొదలుపెట్టింది. నాకు తెలిసి ఆయన ఆశ అంతవరకే. జబ్బు నయమవుతుందని ఆయన అనుకున్నట్టు నాకెప్పుడూ కనిపించలేదు. తన సంగతి తనను అడుగుతారు, అది చాలు.

ఈ ఎండాకాలం జబ్బు ఊపిరితిత్తుల్లోకి వచ్చింది. డాక్టరు ఆయన్ను బయట కూర్చోబెట్టి కొడుకుతో మాట్లాడాడు. విడతలు విడతలుగా సూదులు వేయాలి, నయం కాదు, కొంత కాలం దొరకవచ్చు అన్నాడట. ఇంటికి వచ్చి కొడుకు అదంతా చెప్పాడు. పెద్దబాపు తల అడ్డంగా ఊపాడు.

"గట్లంటే ఎట్ల బాపూ" అన్నాడు కొడుకు. పెద్దమ్మ లేచి నిలబడింది. "అంత నీ ఇట్టమేనా? మాకు ఇట్టం లేదా? నువ్వు పోతే నేనెవల మొఖం జూడాలె?"

ఆయన భుజం మీది తువ్వాల తీసి చేతి మీద కప్పుకుని ఆమె వైపు చాపాడు.

"గిదేందయ్యా? నేనేమన్న ఎడ్లు కొంటున్ననా?" అంది. ఆయన చెయ్యి దించలేదు. ఆమె పక్కన కూర్చుని చెయ్యి లోపల పెట్టింది. మాకు గుడ్డ కదలడం తప్ప ఏం కనపడలేదు. ఒకసారి ఆమె చెయ్యి బయటికి లాక్కుంది, మళ్లీ పెట్టింది. ఇద్దరూ ఒకరి మొఖం ఒకరు చూసుకోలేదు. చివరికి తువ్వాల కదలడం ఆగింది. ఆమె పోయి మొఖం కడుక్కుని వచ్చి కొడుకుతో చెప్పింది: "ఈ ఒక్క పాలి సూదులకు వస్తడు. నా కోసం. ఆ తర్వాత దవాఖాన లేదు, అంబులెన్సు లేదు. ఇంట్లనే. నేను ఒప్పుకున్న. నువ్వు గూడ మాట్లాడొద్దు."

ఆయన తన మాట ప్రకారం ఆ సూదులకు పోయాడు. వాంతులతో, నోటి నిండా పుండ్లతో తిరిగి వచ్చాడు. ఒక్కసారి కూడా మొఖం చిట్లించలేదని చెప్పను, చాలాసార్లు చిట్లించాడు. వానలు పడ్డాక నడక ఆగిపోయింది.

పోయిన రోజు పొద్దున ఊపిరి అందక మంచం మీద కొట్టుకున్నాడట. వాడకట్టు అంతా వచ్చింది. అంబులెన్సుకు ఫోన్ చెయ్యమని కొడుకు మీద అరిచారు. వాడు ఫోన్ పట్టుకుని తల్లి వైపు చూశాడు. ఆమె గడప మీద అడ్డంగా కూర్చుంది. ఎవరేమన్నా లేవలేదు. ఆ కొట్టుకోవడం పొద్దెక్కేదాకా సాగింది. అది తేలికైన చావు కాదు. ఇంట్లో పోయాడు గనుక నిమ్మళంగా పోయాడని రాస్తే అబద్ధం రాసినట్టు.

దినాల నాడు బుగ్గారం నుంచి మా మేనత్త వచ్చింది, పెద్దబాపుకు అక్క. అందరి ముందు పెద్దమ్మను నిలదీసింది.

"ఏమే, నా తమ్మునికి ఆఖరికి దవాఖాన మొఖం గూడ సూపియ్యకపోతివి గదనే!"

"మాటైంది వదినె."

"మాటనా? నోరే లేని మనిషికి మాటేందే?"

అప్పటిదాకా తల వంచుకున్న పెద్దమ్మ తలెత్తింది. "ఆయన వంతు ఆయన తీర్చిండు. నా వంతుకు నేను తప్పుదునా? మీ తమ్ముడు నాతోని మాట్లాడకుంట పోలే."

మేనత్త అన్నం తినకుండానే చెప్పులు వేసుకుని ఆటో ఎక్కింది. పెద్దమ్మ ఆపలేదు. దొడ్డి వైపు పోయి ఆవుకు కుడితి కలపడానికి కూర్చుంది. తొట్టిలో తవుడు పోసి, మోచేతి దాకా చెయ్యి ముంచి కలపసాగింది. తవుడు కరిగిపోయింది. ఆవు పలుపు లాగుతూ మూతి చాపుతోంది. ఆమె చెయ్యి నీళ్లలోనే తిరుగుతూ ఉంది.