చీరలమ్మే మా అత్త చీర కొన్న రోజు

ఈ ప్రయాణం ఒక ఫోన్ కాల్‌తో మొదలైంది. మా మేనత్త రూతమ్మ ఉదయగిరి బజారులో ముప్పై నాలుగేళ్ళుగా బట్టల అంగడి నడుపుతోంది. మామయ్య పోయాక కూడా ఒక్కతే నెట్టుకొచ్చింది. "పాపా, నువ్వు ఊర్లన్నీ తిరిగి రాస్తుంటావు గదా. నన్నొక తూరి ఆత్మకూరు తీసకపో. ఆడ మూడంతస్తుల గుడ్డలంగడి పెట్టినారంట, అది చూడాల" అంది. విషయం ఏమిటంటే, ఆమె అంగడి ఉన్న పాత మిద్దెను యజమాని పడగొట్టి కొత్తది కట్టబోతున్నాడు. కొత్త కట్టడంలో గది కావాలో వద్దో శనివారంలోగా చెప్పమన్నాడు. కలిగిరిలో టీచరుగా ఉన్న కూతురేమో "ఇక చాలమ్మా, మూసేసి నా దగ్గరికి వచ్చెయ్" అంటోంది. "నా గిరాకీ అంతా ఆడికి పోతాండాది. ఆడ ఏముండాదో నా కండ్లతో చూసినాకే చెప్తానని చెప్పినా" అంది అత్త. నేను నెల్లూరులో ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తాను. సెలవు రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళకు వెళ్ళొచ్చి ఇలా రాస్తుంటాను. ఈసారి గురువారానికి సెలవు పెట్టి మరీ బయల్దేరాను.

నెల్లూరు బస్టాండులో ఐదూ ముప్పావుకు ఉదయగిరి బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టికెట్టు ఇస్తారు. మగవాళ్ళకు నూట యాభై లోపే అవుతుంది. బుచ్చి, సంగం దాటి ఏడుంపావుకల్లా ఆత్మకూరు చేరాం. అక్కడ టీ తాగడానికి పది నిమిషాలు ఆపారు. ఆత్మకూరు దాటాక వరి పొలాలు పలచబడి, ఎర్రనేల, కంపచెట్లు, రోడ్డుకు అడ్డం పడే గొర్రెల మందలు మొదలవుతాయి. తొమ్మిది కావస్తుండగా ఉదయగిరి కొండ కనిపించింది. బస్సు సగం ఖాళీగా ఉందేమిటని కండక్టర్ని అడిగితే నవ్వాడు. "ఇప్పుడు ఖాళీనే మేడం. మళ్ళీ ఇదే బస్సు వెనక్కి పొయ్యేటప్పుడు చూడండి, కాలు పెట్టే దానికి సందుండదు. అందరూ ఆడోళ్ళే. పోయేటప్పుడు చేతులూపుకుంటా ఎక్కుతారు, వచ్చేటప్పుడు ఒకొక్కరికి నాలుగు సంచులు." మా అత్త అంగడికి జనం ఎందుకు తగ్గారో నాకు అప్పుడే సగం అర్థమైంది.

బస్టాండు పక్క హోటల్లో నెయ్యి దోసె తిని (నలభై రూపాయలు, పల్లీ చట్నీ బాగుంది) బజారులోకి నడిచాను. ఉదయగిరికి వచ్చేవాళ్ళు ఎక్కువగా కొండ మీది కోట కోసం వస్తారు. కొంతమంది ఇక్కడి చెక్క గరిటెలు, చెంచాల కోసం వస్తారు. ఒకావిడ ఇంటి అరుగు మీదే కూర్చుని, ఆకురాయితో చెంచా కాడను రుద్దుతోంది. అరవై రూపాయలు పెట్టి ఒక గరిటె కొన్నాను. "ఊర్లో కొనేవాళ్ళు తక్కువ మేడం. ఫోటోలు పెడితే ఎక్కడెక్కడి నుంచో అడుగుతారు" అంటూ ఆవిడ ఫోన్ తీసి తన చెంచాల ఫోటోలన్నీ చూపించింది. ఈ వీధిలో నా చిన్నప్పటి గాజుల అంగడి ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్ల అంగడైంది. కిరాణా కొట్లో శెట్టిగారి గొంతుకన్నా డబ్బులు జమ అయ్యాయని చెప్పే డబ్బా గొంతే ఎక్కువ వినిపిస్తోంది.

అత్త అంగడి మాత్రం మారలేదు. రెండు మెట్లెక్కి, చెప్పులు విడిచి, పరిచిన తెల్ల దుప్పటి మీద కూర్చోవాలి. ఆ దుప్పటి మీద ఒక మూల ఏడెనిమిది ప్లాస్టిక్ పార్సిళ్ళు పడి ఉన్నాయి. అవేమిటని అడిగాను.

"ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నోళ్ళవి. పొలాలకు పోయుంటారు, ఇండ్లకాడ ఎవురూ ఉండరు. నేను ఎప్పుడూ ఈడనే ఉంటా గదా, పార్సిలాయన నా కాడ పెట్టి పోతాడు."

"ఇందులో చీరలు కూడా ఉంటాయి కదత్తా?"

"ఉండవా మరి!" అని ఒక పార్సిలు అందుకుని, మీదున్న పేరు చదివి, వేళ్ళతో నొక్కి చూసింది. "ఇది జార్జెట్టు. ఈయమ్మికి జార్జెట్టు నిలవదు. నన్నడిగుంటే చెప్పేదాన్ని." కోపంగా అనలేదు. ఆ పిల్ల చీర కట్టు గురించి నిజంగానే బెంగపడినట్టు అంది.

పది గంటల బస్సుకు అంగడి తాళం వేసి బయల్దేరాం. కండక్టర్ చెప్పినట్టే కాలు పెట్టే చోటు లేదు. బస్సులో సగం మంది అత్తకు తెలిసినవాళ్ళే. ఆమెను చూసి కొందరు కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టారు. ఒకామె మాత్రం ధైర్యం చేసి "ఏంది రూతక్కా, నువ్వు గూడానా?" అంది. "నేను గూడానే" అని అత్త నవ్వేసరికి బస్సంతా తేలికపడింది. ఆ తర్వాత గంటన్నరసేపు ఎవరెవరు ఏం కొనబోతున్నారో అందరూ ఆమెకే చెప్పారు. పిల్లల బనియన్లు ఎన్నో నంబరు తీసుకోవాలో కూడా ఆమెనే అడిగారు.

ఆత్మకూరు బస్టాండు నుంచి ఆ షోరూముకు ఆటోలో మనిషికి ఇరవై. అద్దాల తలుపు తీసి కాపలాదారు సెల్యూట్ చేసేసరికి అత్త కంగారుపడి తనూ చెయ్యెత్తి దణ్ణం పెట్టింది. లోపల ఏసీ చల్లదనం. కింద పిల్లల బట్టలు, మొదటి అంతస్తులో చీరలు, చుడీదార్లు, పైన మగవాళ్ళవి. అత్త అరగంటసేపు అన్నీ తిరిగి చూసింది. గోడ పొడుగునా ఉన్న బట్టలను చేత్తో తడుముకుంటూ నడిచింది. ధర చీటీలు తిప్పి చదివింది. "ధరల్లో మోసం లేదు. నేను కొనే రేటుకు వీళ్ళు అమ్ముతాండారు. ఎట్ట కుదురుతాదో మరి" అని గొణుక్కుంది. ఆమెను ఎక్కువసేపు ఆపింది మాత్రం చీరలు కాదు, బట్టలు వేసి చూసుకునే గదులు. ఒక అమ్మాయి చుడీదారు తీసుకుని లోపలికెళ్ళి, వేసుకుని బయటికొచ్చి, అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంది. నచ్చలేదేమో, మళ్ళీ లోపలికి వెళ్ళింది. "చూసినావా? నా కాడైతే జబ్బల మీద పెట్టి, సరిపోతాదిలే అని చెప్పి పంపించేదాన్ని. ఎంతమందికి సరిపోలేదో!" అంది అత్త. అక్కడే నిలబడి మరో ఇద్దరు అమ్మాయిలు వచ్చి వెళ్ళేదాకా చూసింది.

చీరల దగ్గర మౌనిక అనే అమ్మాయి మా ముందు పది చీరలు పరిచింది. అత్త చేతులు ఊరుకోలేదు. ఆ అమ్మాయి ఒకటి పరిచేలోపు పక్కది మడత పెట్టేస్తోంది. మడత అంచుకు అంచు కలిసి అచ్చు కొత్త చీరలా వస్తోంది. "అవ్వా, మీరు మాకన్నా బాగా మడతపెడతాండారే!" అంది మౌనిక. మా పక్కనే కొండాపురం వైపు నుంచి వచ్చిన ఒక ముసలామె, ఆమె కోడలు ఉన్నారు. ముసలామె మనవరాలికి వచ్చే నెల చర్చిలో పెళ్ళి. తెల్ల చీర కావాలి. చూపించినవన్నీ రాళ్ళు, పూసలు కుట్టినవి. "ఇంత బరువు ఆ పిల్ల మొయ్యలేదమ్మా. మెత్తంగా, సన్నంచుది ఏదన్నా చూపీ" అని ముసలామె అడుగుతోంది. మౌనిక అరలన్నీ వెదికింది గానీ అలాంటిది లేదు. మా వైపు బాప్టిస్టు కుటుంబాల్లో పెళ్ళికైనా బాప్తిస్మానికైనా అలాంటి చీరే వాడతారు. అత్త అంగట్లో ఒక అర నిండా అవే ఉంటాయి. ఆమె చెయ్యి పట్టుకుని "చెప్పత్తా, నీ దగ్గర ఉన్నాయని" అన్నాను మెల్లగా.

అత్త నా వైపు గట్టిగా చూసింది. "వాళ్ళంగట్లో నిలబడి మన సరుకు మాట ఎత్తకూడదు పాపా. ఇన్నేండ్లలో నా అంగట్లో ఎవురూ ఆ పని చెయ్యలా." ముసలామె, కోడలు ఖాళీ చేతులతో లేచి కిందికి వెళ్ళిపోయారు. అత్త తల తిప్పి వాళ్ళ వెనకే చూసింది. నాకు ఉసూరుమనిపించింది.

ఏదో ఒకటి చేయాలనిపించి "సరే, నీకో చీర తీసుకుందాం" అన్నాను. ఆమె తెల్లబోయింది. అప్పుడే ఆమె మాటల్లో తెలిసింది నాకు, మా అత్త పెళ్ళయ్యాక తనకోసం ఒక్క చీర కూడా ఏరుకోలేదని. అంగట్లో రెండేళ్ళయినా అమ్ముడుపోనిది, అంచు చిరిగింది, రంగు ఎవరికీ నచ్చనిది, అవే ఆమె కట్టుకుంటూ వచ్చింది. ఆ రోజు ఒంటి మీదున్న కాఫీరంగు చీర కూడా అలాంటిదే. "మీకేనా అవ్వా? ఏ రంగంటే ఇష్టం మీకు?" అని మౌనిక అడిగితే, వేలమందిని ఆ మాట అడిగిన మనిషి తన కాఫీరంగు కొంగు వైపు చూసుకుంది. తర్వాత "పచ్చ... చిలకపచ్చ" అంది, ఏదో తప్పు ఒప్పుకున్నట్టు.

ఆరు చిలకపచ్చ చీరలు తీశారు. సన్నటి ఆవపువ్వు రంగు అంచున్నది ఆమెకు నచ్చింది. రంగు లైట్ల కింద ఒకలా, ఎండలో ఒకలా ఉంటుందని దాన్ని చేత పట్టుకుని కిందికి దిగి వాకిలి వైపు నడిచింది. కాపలాదారు గాభరాగా అడ్డం వచ్చాడు. "దొంగతనం కాదు నాయనా, రంగు చూసుకుంటాండా" అని ఆమె అనేసరికి, వెనకే పరిగెత్తుకొచ్చిన మౌనిక పకపకా నవ్వింది. కాపలాదారు కూడా నవ్వి, తలుపు బార్లా తీసి పట్టుకున్నాడు. మా అత్త ఎండ పడేచోట నిలబడి చీర కొంగు భుజం మీద వేసుకుంది. అరవై రెండేళ్ళ మనిషి ముఖంలో అంత సిగ్గు నేనెప్పుడూ చూడలేదు. పద్నాలుగు వందలు నేనిస్తానంటే ఒప్పుకోలేదు. కొంగు ముడిలోంచి నోట్లు తీసి తనే ఇచ్చింది.

బయట రోడ్డు పక్కన ముసలామె, కోడలు ఆటో కోసం ఇంకా నిలబడే ఉన్నారు. అత్త వాకిట్లో అలవాటుగా విడిచిన చెప్పులు వేసుకుని మూడు మెట్లూ దిగి, రోడ్డు మీదికి వచ్చాక గానీ మాట కలపలేదు. "అమ్మా, బిడ్డ పొడవా, పొట్టా?" అని మొదలుపెట్టి, రంగు, ఒడ్డూపొడుగూ, చర్చి ఏ ఊరిదో అన్నీ అడిగింది. చివరికి "ఉదయగిరి బజారులో నా అంగడి ఉండాది. మీరడిగినట్టాంటివే అరనిండా ఉండాయి. వచ్చి చూడండి, నచ్చకపోతే నీళ్ళు తాగి పోదురు" అంది. ముసలామె ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

మధ్యాహ్నం బస్టాండు వెనక ఒక మెస్సులో భోంచేశాం. చేపల పులుసుతో నూట ఇరవై. వడ్డిస్తున్న వంటావిడను "సోమశిల డ్యాం చేపేనా?" అని అత్త అడిగింది. "పొద్దున వచ్చింది పెద్దమ్మా. ఐసు చేప మేం ముట్టం" అని ఆవిడ ఇంకో ముక్క వేసింది. అత్త తీరిగ్గా ముళ్ళు తీసుకుంటూ అంది: "పిల్లోళ్ళ గుడ్డలు, చుడీదార్లు ఇంక పెట్టను పాపా. వాళ్ళు నాకన్నా బాగా అమ్ముతాండారు, అద్దముండాది, గదులుండాయి. తెల్లచీరలు, లంగా గుడ్డలు, రవిక గుడ్డలు, ఫాల్సు. అవి చాలు. దానికి పెద్ద గది ఎందుకు?" మూడు గంటల బస్సులో కూర్చున్నాక యజమానికి ఫోన్ చేసింది. "అబ్బయ్యా, నాకు ఆ మూల చిన్న గది ఇయ్యి. గాలీ వెలుతురూ రావాల, అంతే" అంది. తర్వాత కూతురికి చేసి అదే మాట చెప్పింది. అవతల కాసేపు వాదన జరిగినట్టుంది. "నెలకొకసారి వస్తాలే మే, నీ పిల్లోళ్ళను చూసే దానికి" అని పెట్టేసి, నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నేను ఆమెను నాలుగున్నరకు అంగడి దగ్గర దింపి, ఐదు గంటల బస్సు పట్టుకున్నాను. ఎనిమిదిన్నరకు నెల్లూరులో ఉన్నాను. సోమవారం అత్త ఫోన్ చేసింది. కొండాపురం వాళ్ళు ఎనిమిది మంది వచ్చారట. ఒక్క చీర కోసం వచ్చి మూడు తీసుకున్నారట.

పెద్ద అంగళ్ళు వస్తే చిన్నవి పోతాయని మనం తేలిగ్గా అనేస్తాం. నేను కూడా ఆ రోజు పొద్దున అలాంటిదేదో రాయబోతున్నాననే అనుకున్నాను. కానీ ఆత్మకూరులో మా అత్త ఎవరినీ శత్రువులా చూడలేదు. అవతలివాళ్ళు చక్కగా చేసే పనిని మెచ్చుకుంది, తను చక్కగా చేసే పని ఏదో తేల్చుకుంది. బస్సులో ఉచితంగా ఆత్మకూరు వెళ్ళే ఆడవాళ్ళను తప్పుపట్టడానికి కూడా ఏమీ కనిపించలేదు. ఏళ్ళ తరబడి ఒక్క అంగట్లో చూపించిందే కొనుక్కున్న వాళ్ళు ఇప్పుడు నాలుగు చోట్ల చూసి, వేసుకుని చూసి, వద్దనుకుని లేచి రాగలుగుతున్నారు. అది చిన్న సంతోషం కాదు. ఉదయగిరి బజారు రేపు ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఆ ఒక్క గదికి మాత్రం పని ఉంటుందని నమ్మకంగా చెప్పగలను.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. ఉదయగిరి బజారుకు శుక్ర, ఆదివారాలు కాకుండా, ఉదయం పూట వెళ్ళండి. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళకు చాలా అంగళ్ళు మూస్తారు. ఆదివారం ఆరాధన ముగిసేదాకా మా అత్త చర్చిలో ఉంటుంది, ఆ చిలకపచ్చ చీరలో.