తెల్ల సేజ్ పొగ, అమ్మాయి జుట్టు

సోమవారం మధ్యాహ్నం మా అమ్మాయి టీచర్ ఫోన్ చేసింది. రీడింగ్ గురించి, రావాల్సిన ఫీల్డ్ ట్రిప్ ఫారం గురించి మాట్లాడింది. తర్వాత గొంతు తగ్గించి, "ఊరికే అడుగుతున్నాను, మీ ఇంట్లో ఎవరైనా ఏమైనా స్మోక్ చేస్తారా?" అంది. ఊరికే అడిగేవాళ్ళు గొంతు తగ్గించరు.

రెండో తరగతి పిల్ల జుట్టులో ఒక రకం వాసన వస్తోందట. పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకుంటున్నారట. రూల్ కాబట్టి కౌన్సెలర్‌కి చెప్పాల్సి వచ్చిందట. మర్నాడు ఉదయం వచ్చి కలవమంది. "తప్పకుండా" అని ఫోన్ పెట్టేశాను.

జరిగింది ఇంతే. ఫ్రీమాంట్‌లో ఇల్లు కొన్న కొన్నాళ్ళకే కరువు వచ్చిపడింది. లాన్ ఎండిపోయింది. నీళ్ళు అడగని మొక్కలు పెడదామని, ఇక్కడి నేల మొక్కలు అమ్మే ఒక సంతకు వెళ్ళి మూడు తెల్ల సేజ్ మొక్కలు తెచ్చాను. అమ్మినావిడ ఈ రాష్ట్రం దక్షిణాన ఉండే ఆదివాసీ కుటుంబం మనిషి, మా అమ్మమ్మ వయసుంటుంది. ఆకు నీళ్ళలో నలిపి తలంటుకుంటామని, జలుబుకి కషాయం కాస్తామని, గింజలు దంచి పిండిలో కలుపుకుంటామని చెప్పింది. "పొగకని షాపుల్లో అమ్మే ఎండు సేజ్ కట్టలు కొనకు. చాలావరకు మా కొండల మీద దొంగతనంగా కోసినవే. కావాలంటే పెంచుకో. ఇంకో మాట, పొగ మాకు ప్రార్థన. సరదాకి కాదు," అంది. అన్నిటికీ తలూపాను.

ఇంటికి తెచ్చి ఏం చేశాను? స్నానం చేసి వచ్చి, తులసికి పోసినట్టు రోజూ చెంబుడు నీళ్ళు పోశాను. నెల తిరక్కుండా రెండు మొక్కలు వేళ్ళు కుళ్ళి చచ్చాయి. మూడోది ఏసీ యూనిట్ వెనక ఉండి, నా చెయ్యి అందక బతికిపోయింది. రెండేళ్ళలో నా నడుము దాకా పెరిగింది. విభూతి రాసినట్టుండే ఆకులు. ముట్టుకుంటే వేళ్ళకి జిగురు, కర్పూరం లాంటి ఘాటు.

ఆదివారం పిల్లలకి తలంటి పోస్తే సాంబ్రాణి ధూపం వెయ్యకుండా నాకు తోచదు. ఇంట్లో వేస్తే స్మోక్ అలారం మోగుతుంది కాబట్టి వెనక పాటియో గచ్చు మీద వేస్తాను. బొగ్గు బిళ్ళ అంటించి, దాని మీద చిల్లుల లాండ్రీ బుట్ట బోర్లించి, బుట్ట మీద జుట్టు పరుస్తాను. ఆ ఆదివారం సాంబ్రాణి అయిపోయింది. రెండు ఎండు సేజ్ ఆకులు వేశాను. పొగ బాగా వచ్చింది. నాకు అంతే తెలుసు.

ఫోన్ వచ్చిన సోమవారం స్కూల్ నుంచి తెచ్చేటప్పుడు కార్‌లో అమ్మాయి ఏడ్చింది. "అమ్మా, ఐ స్మెల్ బ్యాడ్. షాంపూ టూ టైమ్స్ చెయ్యి. ఆ ప్లాంట్ త్రో చేసెయ్, ప్లీజ్." ఇంటికి రాగానే రెండుసార్లు రుద్దాను. వాసన పోలేదు.

ఆఫీస్ నుంచి వచ్చిన మా ఆయన జుట్టు వాసన చూసి నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. "ఎంఎస్ చేసేటప్పుడు మా పక్క రూమ్ నుంచి అచ్చం ఇదే వాసన వచ్చేది. గంజాయి. నీకు తెలీదా?"

"నాకెలా తెలుస్తుంది? నేనేమైనా మీ పక్క రూమ్‌లో ఉన్నానా?"

"జోకులొద్దు. గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. ఎవరైనా ఇంటికొచ్చి చూస్తే? పీకెయ్ దాన్ని."

"తులసైతే పీకుతావా?"

"తులసికి ఈ కంపు లేదు."

"నీ జిమ్ బ్యాగ్ కన్నా నయం," అన్నాను గానీ, కత్తెర తీసుకుని పెరట్లోకి వెళ్ళింది నేనే. భయమేసింది. పిల్లల సంక్షేమ శాఖ వాళ్ళు ఇంటికొస్తారు, ఫ్రిజ్ తెరుస్తారు, ఫైల్‌లో ఏదో రాస్తారు, పిల్లల్ని పక్కకి పిలిచి అడుగుతారు. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. కొమ్మ వంచి పట్టుకున్నాను. తలెత్తితే కిచెన్ కిటికీలో మా అమ్మాయి, తువ్వాలు చుట్టిన తలతో, నన్నే చూస్తోంది.

మొక్క తీసేస్తే నేరం ఒప్పుకున్నట్టే. అంతకన్నా ఘోరం, ఎవరైనా గొంతు తగ్గించి ఒక ప్రశ్న అడిగితే మనది మనమే పీకి పారెయ్యాలని ఆ పిల్ల ఈ కిటికీలోంచి నేర్చుకుంటుంది. నేను తప్పు చెయ్యలేదని కాదు. పొగ సరదాకి కాదని చెప్పించుకుని కూడా వేశాను. ఆ తప్పు ఆ పెద్దావిడ దగ్గర ఒప్పుకుంటాను, స్కూల్ దగ్గర కాదు. ఇక పొగకి సాంబ్రాణే. సేజ్ ఆకు తలంటుకి. మొక్క మాత్రం ఉంటుంది. కత్తెర మూసి లోపలికి వచ్చేశాను. "పీకావా?" అని మా ఆయన అడిగాడు. "లేదు. రేపు నేను మాట్లాడతాను," అన్నాను.

పొద్దున్న అమ్మాయి తనంతట తనే షాంపూ సీసా పట్టుకుని బాత్‌రూమ్ ముందు నిలబడింది. వెనకాలే మూడేళ్ళ తమ్ముడు. సీసా తీసుకుని అల్మారాలో పెట్టేశాను. ఇద్దరినీ సోఫాలో కూర్చోబెట్టి చెప్పాను.

"నిన్న అమ్మకి భయమేసింది. ఇప్పుడు కూడా కొంచెం ఉంది. అయినా ఇవాళ నేను మీ క్లాస్‌కి వస్తున్నాను, ఆ మొక్క కొమ్మ పట్టుకుని వస్తున్నాను. మీ టీచర్ వాసన చూస్తుంది, నన్ను అడుగుతుంది, నేను చెప్తాను. నిన్నెవరైనా అడిగితే దాచకు. అది తెల్ల సేజ్, మా అమ్మ పెంచింది, ఈ నేల మీద మనకన్నా ముందు నుంచీ ఉన్నవాళ్ళు దాంతో తలంటుకుంటారు అని చెప్పు. ఇంకోసారి తల రుద్దను. ఇటు తిరుగు, జడ వేస్తాను."