నడుముకి పెట్టుకున్న దిండు

ఏదో తేడాగా ఉందని నాకు తెలిసింది ఒక శనివారం మధ్యాహ్నం, చికాగో దగ్గర నేపర్‌విల్‌లో మా లైబ్రరీ పార్కింగ్ లాట్‌లో. నా భార్య వసుధకి అంతకు నలభై రోజుల ముందే తెలుసు. ఆ నలభై రోజుల గురించే ఎక్కువ రాస్తాను. జబ్బు గురించి నాకన్నా డాక్టర్లు బాగా చెప్తారు.

వసుధ కార్ సర్వీస్‌లో ఉండటంతో ఆ రోజు ఆమెని తీసుకురావడానికి నేను వెళ్ళాను. నెలకి రెండు శనివారాలు లైబ్రరీ కింది గదిలో పదిమంది ఆడవాళ్ళు కూర్చుని బొంతలు కుడతారు. ఎక్కువమంది తెలుగువాళ్ళే. పాత చీరలూ, పిల్లలకి పొట్టయిపోయిన చొక్కాలూ ముక్కలుగా కోసి, అతికి, మధ్యలో దూది పరిచి కుడతారు. చివర్లో ఒక్కొక్కరూ లేచి, తాము కుడుతున్నది అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుని, అది ఎవరికోసమో, ఎందుకో చెప్పాలి. అక్కడ విన్నది బయట మాట్లాడకూడదు. వాళ్ళకున్న నియమం అదొక్కటే. ఎనిమిదేళ్ళుగా నా భార్య అక్కడికి వెళ్తోంది. ఇవేవీ నాకప్పుడు తెలీవు. "మీ కుట్టు క్లబ్బు ఎలా ఉంది?" అని అడిగి, జవాబు వినకుండా టీవీ పెట్టేవాణ్ణి.

వసుధ వెనకే కృష్ణవేణిగారు వచ్చారు. ఆ గుంపులో పెద్దావిడ, రిటైరైన నర్సు. బొంత సంచీ వెనక సీట్లో పెడుతూ నా నడుము వెనక ఉన్న దిండు చూశారు.

చిన్న దిండు అది. గుండె ఆకారం. మెత్తటి నేత చీర గుడ్డ, లేత పసుపు. రెండు వారాల ముందు దుప్పట్ల అలమరాలో కనిపించింది. ట్రైన్ స్టేషన్‌కి డ్రైవ్ చేసేటప్పుడు నాకు నడుము పట్టేస్తుంది. పెట్టి చూస్తే నా కోసమే కుట్టినట్టు సరిపోయింది. నిజంగానే నా కోసం కుట్టిందనుకుని లోపల మురిసిపోయాను కూడా. థాంక్స్ మాత్రం చెప్పలేదు.

"ఇదిక్కడుందా! మీ ఆవిడ కనబడట్లేదని ఒకటే వెతుకుతోంది" అన్నారు కృష్ణవేణిగారు నవ్వుతూ. "ఇది నడుముకి కాదు రమణగారూ. సర్జరీ అయ్యాక చెయ్యి కింద పెట్టుకునేది."

"ఎవరి సర్జరీ?" అన్నాను.

దిండు నా దగ్గర చూసి నాకు తెలిసిపోయిందనుకున్న ఆవిడ నవ్వు ఆగిపోయింది. వసుధ అప్పటికే పక్క సీట్లో కూర్చుని బెల్ట్ పెట్టుకుంటోంది. "ఇంటికి పోనివ్వండి" అంది.

ఇంటికెళ్ళాక వంటింట్లో నిలబడే, వరసగా చెప్పింది. ఎడమవైపు గడ్డ. ముందు డయాగ్నొస్టిక్ మామోగ్రామ్, తర్వాత అల్ట్రాసౌండ్, తర్వాత సూదితో ముక్క తీసే కోర్ బయాప్సీ. రిపోర్ట్‌లో ఇన్వేసివ్ డక్టల్ కార్సినోమా అని వచ్చింది, అంటే రొమ్ము కేన్సర్. స్టేజ్ టూ. ఇంకో పదకొండు రోజుల్లో సర్జరీ. అపాయింట్‌మెంట్లన్నీ నేను చికాగో ఆఫీస్‌కి వెళ్ళే రోజుల్లో పెట్టుకుంది. ఇన్సూరెన్స్ తను పనిచేసే స్కూల్‌ది కాబట్టి ఏ కాయితమూ నా కంట పడలేదు. ప్రతిసారీ డ్రైవ్ చేసింది కృష్ణవేణిగారు. బయాప్సీ అయిన సాయంత్రం నేను గ్యారేజీలో అట్టపెట్టెలు దించుతూ ఒక చెయ్యి వెయ్యమన్నాను. భుజం నొప్పిగా ఉందంది. "కుట్టి కుట్టి" అన్నాను. అప్పుడు ఆమె జాకెట్‌లో ఐస్ ప్యాక్ ఉంది.

"మేఘనకి తెలుసా?" అని అడిగాను. మేఘన మా అమ్మాయి, రెడ్‌మండ్‌లో ఉద్యోగం.

"వారం కింద చెప్పాను."

"దిండు నా కార్‌లో ఉందని నీకు తెలుసా?"

"తెలుసు. అడిగితే ఎందుకని మీరడుగుతారుగా. కనబడట్లేదని చెప్పి ఇంకోటి కుట్టించుకుందామనుకున్నాను."

నాకు మొదట వచ్చింది భయం కాదు, కోపం. ముప్పై ఏళ్ళ కాపురం. లైబ్రరీ గదిలో పదిమందికి తెలిసింది, కూతురికి తెలిసింది, నాకు తెలీదు. వాళ్ళు నాకు ఎదురుపడి "బావున్నారా" అన్నారు, నేను "బావున్నాం" అన్నాను. ఇంతకన్నా మోసం ఏముంటుందని అడిగాను. ఆ మాటే వాడాను. కేన్సర్ వచ్చిన మనిషిని, వంటింట్లో నిలబెట్టి.

ఆమె గొంతు పెంచలేదు. "మీకే ముందు చెప్పాను" అంది.

నలభై రోజుల కింద, నేను ఇంట్లోంచి పనిచేస్తున్న రోజు, గది గుమ్మం దగ్గరికి వచ్చి చెయ్యి కింద ఏదో గట్టిగా తగులుతోందని చెప్పిందట. నేను ఫోన్ కాల్‌లో ఉన్నాను. మ్యూట్ చేసి, "మళ్ళీనా?" అన్నానట. నాకు గుర్తులేదు. కాని అది నా మాటే, నేను అలాగే అంటాను. నేను అలా అన్న వారంలోనే, శనివారం లైబ్రరీలో తన వంతు వచ్చినప్పుడు లేచి, బొంత ఎత్తి పట్టుకుని, ఇది ఎవరికోసమో ఇంకా తెలీదు, బహుశా నాకే, అని చెప్పిందట.

మళ్ళీనా అన్న మాట వెనక ఒక పాత సంగతి ఉంది. అది చెప్పకపోతే ఈ వ్యాసం రాయడం అనవసరం.

అంతకు ఆరేళ్ళ కింద ఆమెకి ఒకసారి బయాప్సీ అయింది. అప్పుడేమీ లేదు, ఉత్త నీటితిత్తి, సిస్ట్ అన్నారు. ఆ వేసవిలో మా ఇంటి వెనక చెక్క డెక్ మీద పాతికమందిని పిలిచి పార్టీ పెట్టాం. నాకు నలుగురిని నవ్వించడం ఇష్టం. ఆ రోజు బయాప్సీ కథ చెప్పాను. డాక్టర్‌లా గొంతు మార్చి, వసుధలా ముక్కు చీది, "గడ్డేమో పల్లీ గింజంత, ఈవిడ ఏడుపేమో కొబ్బరికాయంత" అన్నాను. ఆస్పత్రి పార్కింగ్‌లో కార్ ఎక్కాక అరగంటసేపు ఏడ్చిందని, నేను టిష్యూలు అందిస్తూ కూర్చున్నానని చెప్పాను. అందరూ పడీపడీ నవ్వారు. వసుధ మిరపకాయ బజ్జీల పళ్ళెం పట్టుకుని వాళ్ళ మధ్యలోనే తిరుగుతోంది. ఆ కథ తర్వాత ఇంకో రెండు పార్టీల్లో కూడా చెప్పాను. అడిగి మరీ చెప్పించుకున్నారు.

మర్నాడు ఆదివారం పొద్దున కృష్ణవేణిగారికి ఫోన్ చేశాను. క్షమాపణకి కాదు, దెబ్బలాడటానికి. మీరందరూ కలిసి నన్ను వెర్రివాణ్ణి చేశారన్నాను. ఒక నర్సు అయ్యుండి భర్తకి చెప్పాలని తెలీదా అన్నాను. ఆవిడ అంతా విన్నారు.

"ఆ రోజు మీ డెక్ మీద నేనూ ఉన్నాను రమణగారూ" అన్నారు. "నేనూ నవ్వాను. నర్సునయ్యుండి నవ్వాను. ఇన్నిసార్లు డ్రైవ్ చేసింది అందుకే."

నేను ఫోన్ పెట్టేశాను. ఆవిడ తన తప్పు ఒప్పుకున్నట్టు నేను నాది ఒప్పుకోవడానికి ఇంకా చాలా రోజులు పట్టింది.

సర్జరీకి నేనూ వెళ్ళాను. గడ్డ వరకే తీసే లంపెక్టమీ, దాంతోపాటు చంకలో గ్రంథులకి పాకిందేమో చూసే సెంటినెల్ నోడ్ బయాప్సీ. వెళ్ళేముందు వసుధ ఒక్కటే అడిగింది, తను చెప్పమనేదాకా ఎవరికీ చెప్పొద్దని. సరేనన్నాను. వెయిటింగ్ రూంలో మేఘన నా పక్కన కూర్చుంది. ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "అమ్మ వద్దంది నాన్నా. ఇట్స్ హర్ బాడీ" అంది.

వారానికి సర్జన్ రిపోర్ట్ చెప్పింది. "నోడ్స్ క్లియర్. దట్స్ ద గుడ్ న్యూస్. కాని ఒక మార్జిన్ క్లీన్‌గా లేదు. వీ హ్యావ్ టు గో బ్యాక్ ఇన్." తీసిన కండ అంచులో ఇంకా కేన్సర్ కణాలున్నాయని, మళ్ళీ కొయ్యాలని అర్థం. వసుధ చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎప్పుడు అని మాత్రం అడిగింది.

ఆ రోజు నేను రెండో తప్పు చేశాను. నా గుండె బరువు దించుకోవడానికి విజయవాడలో ఉన్న మా అక్కకి ఫోన్ చేసి అంతా చెప్పి ఏడ్చాను. ఒక్కదానికే కదా అనుకున్నాను. అక్క ప్రార్థనలు చెయ్యమంటూ బంధువుల వాట్సాప్ గ్రూప్‌లో పెట్టింది. మర్నాడు మధ్యాహ్నానికి వసుధకి పదకొండు ఫోన్లు వచ్చాయి. ఒకావిడ తన ఆడపడుచు ఇదే జబ్బుతో ఎలా పోయిందో మొదట్నుంచి చెప్పింది. వసుధ ఆఖరిదాకా విని, ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి, "చెప్పేశారన్నమాట" అంది నాతో. అంతే.

రెండో సర్జరీలో మార్జిన్ క్లీన్‌గా వచ్చింది. కేన్సర్ తిరగబెట్టే అవకాశం లెక్కకట్టే ఆంకోటైప్ అనే టెస్ట్‌లో స్కోర్ తక్కువ వచ్చింది కాబట్టి కీమో అక్కర్లేదన్నారు. రేడియేషన్ ఇరవై సిట్టింగులు, తర్వాత అయిదేళ్ళు టాబ్లెట్. రేడియేషన్‌కి నా కార్‌లో రానంది. కృష్ణవేణిగారు రోజూ తొమ్మిదింటికి వచ్చి హారన్ కొట్టకుండా ఆగేవారు. నేను ఆఫీస్‌కి సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను, కిటికీలోంచి చూడటానికి. జబ్బు పడ్డ మనిషి మీద కోపం రావడం సిగ్గు. కాని వచ్చింది. తప్పు నాదని తెలిశాక కూడా వచ్చింది. ఇక నాకేమీ చెప్పదని, బతికినంతకాలం ఆ కార్‌లోనే వెళ్తుందని భయం వేసింది.

మూడో వారంలో కృష్ణవేణిగారికి జలుబు పట్టింది. ట్రీట్‌మెంట్‌లో ఉన్నవాళ్ళ దగ్గరికి రాకూడదని ఆవిడే మానేశారు. వసుధ కోటు వేసుకుని వచ్చి, "మీరు తీసుకెళ్తారా?" అంది. తీసుకెళ్ళాను. పదిహేను నిమిషాల్లో బయటికి వచ్చింది. చర్మం కమిలి ఎర్రగా ఉందని, క్రీమ్ రాస్తూ ఉండమని థెరపిస్ట్ చెప్పిందంది. కార్ స్టార్ట్ చెయ్యబోతుంటే ఆగమంది.

"ఆరేళ్ళ కింద కూడా ఇలాంటి పార్కింగే" అంది. "ఆ రోజు ఏడ్చింది ఎవరు?"

ఏడ్చింది నేను. సిస్ట్ అని డాక్టర్ చెప్పాక, కార్‌లో కూర్చుని, అరగంట. టిష్యూలు అందించింది ఆమె. డెక్ మీద ఆ కథ చెప్పేటప్పుడు మనుషుల్ని మార్చేశాను. చెప్పగా చెప్పగా అదే నిజమని నాకూ అనిపించింది.

"ఎందుకు చెప్పలేదు? నీ గుంపులోనైనా చెప్పాల్సింది" అన్నాను.

"అది మీ సంగతి. నేనెలా చెప్తాను?" అంది.

ఆరేళ్ళు నా రహస్యం ఆమె దాచింది. ఆమెది నేను మూడు వారాలు కూడా దాచలేకపోయాను. అప్పుడు క్షమించమని అడిగాను. క్షమించానని ఆమె అనలేదు. ఇంటికి వెళ్దాం అంది. మర్నాటి నుంచి మిగిలిన సిట్టింగుల్లో సగం నా కార్‌లో, ఆవిడ జలుబు తగ్గాక సగం కృష్ణవేణిగారి కార్‌లో వచ్చింది.

రేడియేషన్ అయిపోయి ఏడాదిన్నర అయింది. రోజూ ఆ టాబ్లెట్, లెట్రోజోల్, వేసుకుంటుంది. దాంతో పొద్దున వేళ్ళు బిగుసుకుపోతాయి, సూదిలో దారం ఎక్కించడానికి కొంచెం సేపు పడుతుంది. నేను ఎక్కిస్తానంటే ఒక్కోరోజు ఒప్పుకుంటుంది, ఒక్కోరోజు ఒప్పుకోదు. శనివారాలు లైబ్రరీకి వెళ్తుంది. అక్కడేం చెప్పిందో నేనడగను. చెకప్‌లకి ఎవరితో వెళ్ళాలో తనే చెప్తుంది. ఆ నలభై రోజులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కలుక్కుమంటుంది. న్యాయంగా నాకా బాధ ఉండకూడదు. కాని ఉంది, లేదని రాయలేను. పాత పార్టీల్లో ఉన్నవాళ్ళకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఏడ్చింది నేనని చెప్పాను. కొందరికి ఆ కథే గుర్తులేదు.

ఈ వ్యాసం వసుధ చదివింది. రెండు చోట్ల కొట్టేసింది. డెక్ సంగతి ఉంచమంది.

ఇంట్లో ఎవరికైనా జబ్బని తెలిసిన రోజే ఒక పని చెయ్యండి. ఎవరెవరికి చెప్పొచ్చో ఆ మనిషినే అడిగి, పేర్లు కాయితం మీద రాసుకోండి. అందులో లేనివాళ్ళకి చెప్పకండి, సొంత అక్కయినా సరే. మీకు ఏడుపొస్తే ఆ కాయితంలో ఉన్నవాళ్ళ దగ్గరే ఏడవండి.

పోయిన వారం నేను కాల్‌లో ఉండగా వసుధ గది గుమ్మంలోకి వచ్చి, ఎడమ చెయ్యి కొంచెం వాచినట్టుందంది. నేను కాల్ కట్ చేసి లాప్‌టాప్ మూసేశాను. ఎప్పట్నుంచి అని అడిగాను, నొప్పి ఉందా అని అడిగాను. తర్వాత ఎవరెవరికి చెప్పమంటావని అడిగాను. "ఇప్పటికి మీరొక్కరే చాలు" అంది. మంగళవారం ఇద్దరం డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చాం. అక్కడేం చెప్పారో ఇక్కడ రాయను. రాయమని ఆమె చెప్పలేదు.