ఒక్క ముక్క రాసివ్వండి

సర్టిఫికెట్ మావయ్యకి ఒకటే జబ్బు. ఎవరింట్లో ఫ్రిజ్ బాగుచేసినా, ఎవరి ఆఫీసులో ఏసీకి ప్రాణం పోసినా, స్క్రూడ్రైవర్ మర్చిపోయి వస్తాడేమో గానీ సంతకం చేసిన ఉత్తరం లేకుండా గడప దాటడు. "ఒక్క ముక్క రాసివ్వండి" అంటాడు. మొదటిసారి విన్నవాళ్ళు ముచ్చటపడి "పని చాలా బాగుంది" అని రాసిస్తారు. అక్కడే దొరికిపోతారు పాపం.

"బాగుందంటే చదివేవాడికి ఏం తెలుస్తుందండీ? ఏం చెడింది, ఎలా బాగుపడింది, ఎంతసేపు పట్టింది, అన్నీ రాయండి. తేదీ వేసి, కింద మీ ఫోన్ నంబరు కూడా పెట్టండి."

ఈ తతంగానికి సాక్షీ బాధితురాలూ ఆయన మేనకోడలు. ఆరేళ్ళ క్రితం పాలిటెక్నిక్ పూర్తిచేసి, ఉద్యోగం దొరికేదాకా ఊరికే కూర్చోవడమెందుకని ఆయన షాపుకొచ్చి, ఆ పనిలోనే ఉండిపోయింది. సబ్బునురగ రాసి గ్యాస్ ఎక్కడ కారుతోందో ఇట్టే పట్టేసేది. రాగిగొట్టం అతికించిందంటే అతుకు ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే. అంత పనిమంతురాలికీ ఈ ఉత్తరాల వేళకి తల కొట్టేసినట్టుండేది. అదృష్టం కొద్దీ మావయ్యే "నువ్వెళ్ళి సామాను వ్యాన్లో సర్దమ్మా" అని ముందే పంపించేసేవాడు. తన గురించి తనే పొగిడించుకోవడం మేనకోడలు చూస్తే సిగ్గు కాబోలు అనుకుని, ఆ పిల్ల బతుకుజీవుడా అని బయటపడేది.

ఒకసారి పళ్ళ డాక్టరుగారి ఏసీ పని ముగిసేసరికి, ఆయన ఒక పేషెంటు నోట్లో రెండు చేతులూ పెట్టి ఉన్నాడు.

"ఒక్క ముక్క..."

"కనబడట్లేదా? పన్ను సగంలో ఉంది!"

"పర్లేదండీ, కూర్చుంటాను."

కూర్చున్నాడు. పన్ను ఊడింది. డాక్టరు ప్రాణం విసిగి అరపేజీ రాసిచ్చాడు. మావయ్య తీరిగ్గా చదివి, "గ్యాస్ ఎక్కించిన సంగతి రాయలేదండీ" అని తిప్పి ఇచ్చాడు. ఇంతసేపైనా రాలేదేమిటని మేనకోడలు వెతుక్కుంటూ వచ్చేసరికి, బుగ్గ వాచిన పేషెంటు చేత సాక్షి సంతకం పెట్టిస్తున్నాడు. ఆ పిల్ల వచ్చిన దారినే తిరిగి వెళ్ళిపోయింది.

ఇన్ని ఉత్తరాలు ఎందుకో బజారుకంతా తెలుసు, లేదా తెలుసనుకుంది. షాపు గోడమీద విదేశాల్లో మనుషులు దొరకని పనుల జాబితా ఉండేది. నర్సులు, వెల్డర్లు, ప్లంబర్లు... మధ్యలో ఫ్రిజ్-ఏసీ మెకానిక్కుల దగ్గర ఎర్రసిరాతో గీత. ఏటా కొత్త జాబితా తెచ్చి అంటించేవాడు.

"ఏం మాస్టారూ, ప్రయాణం ఎప్పుడు?" అనేవాడు పక్కనున్న మందుల షాపాయన.

"కాగితాలు ఇంకా చాలలేదండీ."

"ఆరేళ్ళయినా చాలలేదా? అక్కడ మిమ్మల్ని మెకానిక్కుగా రమ్మన్నారా, మహారాజుగా రమ్మన్నారా?"

చివరికి ఆ జాబితాని రోజూ చూసీ చూసీ దరఖాస్తు పెట్టింది మేనకోడలే. పని పరీక్ష మొదటిసారే నెగ్గింది. అక్కడి కంపెనీ ఒకటి ఉద్యోగమిస్తానంది. షాపు యజమానిగా మావయ్య నాలుగు పేజీల అనుభవ పత్రం రాసిచ్చాడు. వీసా ఫారంలో "యజమాని మీకు ఏమవుతారు?" అన్న గడి కనిపిస్తే, అబద్ధమాడడం చేతకాని పిల్ల "మేనమామ" అని నింపేసింది.

రెండు వారాల్లో వీసా ఆఫీసు నుంచి జవాబొచ్చింది. బంధువు ఇచ్చిన పత్రం చెల్లదు. ఈ పని ఆరేళ్ళూ మీరే చేశారని బయటివాళ్ళ ఆధారాలు ఇరవై ఎనిమిది రోజుల్లో పంపాలి, లేదా దరఖాస్తు కొట్టేస్తాం.

మేనకోడలు షాపులో స్టూలు మీద కూలబడింది. "అయిపోయింది మావయ్యా. ఆ కంపెనీ ఇంకొకళ్ళని చూసుకుంటుంది. ఎవరైనా పరాయివాడి దగ్గర చేసుంటే బాగుండేది!"

అన్నాక నాలుక కరుచుకుంది. మావయ్య మాత్రం నొచ్చుకోలేదు. బీరువాగా వాడుకుంటున్న పాత ఫ్రిజ్ తలుపు తీసి, కూరగాయల అరలోంచి లావుపాటి ఫైళ్ళు రెండు తెచ్చి ఒళ్ళో పడేశాడు.

"నీ ఉత్తరాలు నాకెందుకు మావయ్యా?"

"ముందు చదవవే."

పైనే పళ్ళ డాక్టరుది. "మూడో అంతస్తు బయట బిగించిన మెషిన్లో గ్యాస్ కారుతుంటే ఈ అమ్మాయి ఒక్కతే ఎక్కి, గొట్టం అతికించి, మళ్ళీ గ్యాస్ ఎక్కించింది. నలభై నిమిషాలు పట్టింది. ఆమె మేనమామ కింద నుంచుని తప్పు సలహాలిచ్చాడు." దాని కింద ఓ బేకరీ యజమానిది. తర్వాత ఓ ముసలావిడది: "ఈ పిల్ల బంగారం. ఫ్రిజ్‌లో మంచు కట్టడం ఆగింది. ఇప్పుడది మా అబ్బాయికంటే మాట వింటోంది."

రెండొందల పైచిలుకు ఉత్తరాలు. అన్నిట్లోనూ మేనకోడలి పేరే. మావయ్య పేరు మీద ఒక్కటంటే ఒక్కటి లేదు.

"మొదటినుంచీ నాకోసమేనా?" ఆ పిల్ల మళ్ళీ మొదటి ఉత్తరానికి తిప్పింది.

"మొదటివారం నువ్వో గొట్టం అతికించావు చూడు, అప్పుడే అనుకున్నా, ఈ చెయ్యి ఇక్కడ ఆగేది కాదని. మేనమామ రాసిస్తే ఎవడు నమ్ముతాడే? నేనైనా నమ్మను."

"నాకో మాట చెప్పొచ్చుగా?"

"చెబితే నీ చూపు పని మీద కాకుండా ఉత్తరం మీద ఉండేది."

"మరి నువ్వు వెళ్ళాలనుకోలేదా?"

"నేనా? విమానంలోనా?" మావయ్య గుండెమీద చెయ్యేసుకున్నాడు. "నాలుగు మెట్లు నిచ్చెనెక్కితేనే నాకు కళ్ళు తిరుగుతాయి. పైనుండే మెషిన్లన్నీ నీ చేత ఎందుకు చేయించాననుకున్నావ్?"

ఉత్తరాలన్నీ తర్జుమాకి వెళ్ళాయి. "ఈ తప్పు సలహాల వాక్యం తీసేయమంటారా?" అని అడిగాడు తర్జుమా చేసేవాడు. "ఉండనివ్వండి. నేనూ డాక్టరూ కుమ్మక్కవలేదని తెలుస్తుంది" అన్నాడు మావయ్య.

పంపిన పందొమ్మిదో రోజున అనుమతి వచ్చింది. మావయ్య కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి మొహం చిట్లించాడు.

"సంతకమేదే?"

"కంప్యూటర్ కాగితం మావయ్యా. సంతకం అక్కర్లేదని కిందే రాశారు."

"అంత పెద్ద ఆఫీసులో ఒక్కడి చెయ్యీ ఖాళీ లేదా!" అని విసురుగా మందుల షాపుకెళ్ళి, ఆయన చేత సాక్షి సంతకం పెట్టించుకొచ్చాడు.

మేనకోడలు కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "నేను వెళ్ళిపోతే నిచ్చెన ఎవరెక్కుతారు మావయ్యా?"

"వెనకవీధిలో మోటార్లకి తీగ చుట్టే అమ్మాయి ఉందట, చెయ్యి మంచిదంటున్నారు. సోమవారం నుంచి రమ్మని కబురు పెట్టాను."

"ఆ అమ్మాయి పేరేంటి?"

"అది అడగలేదే" అన్నాడు మావయ్య. "ఫైలు మాత్రం కొన్నాను."