ఇత్తడి బిళ్ల మీద గ్రీజు

ఈ పొద్దున మా నాగారం ఇంటి ముందు నుంచి ఒక పాత నీళ్ల ట్యాంకర్ పోయింది. సగం కాలిన డీజిల్ వాసన వరండాలోకి వచ్చింది. ఆరు సిలిండర్లలో ఒకటి పలకడం లేదని చెవికే తెలిసింది. టీ గ్లాసు కింద పెట్టి వేళ్ల మీద వరస లెక్కపెట్టాను. అలా లెక్కపెట్టడం దావీదన్న దగ్గర నేర్చుకున్నాను. ఆయన పోయి చాలా ఏళ్లయింది, మీరెవరూ చూసి ఉండరు. మేడ్చల్ పెద్ద రోడ్డు పక్కన రేకుల షెడ్డులో లారీ ఇంజన్లు బాగుచేసేవాడు. పొట్టి మనిషి, బట్టతల. ఆదివారం చర్చికి పోయేటప్పుడు తప్ప చొక్కా గుండీలు పెట్టుకునేవాడు కాదు.

తొంభైల చివర ఆయన దగ్గర పనికి కుదిరేనాటికి నాకు ముప్ఫై నాలుగేళ్లు, ఇద్దరు పిల్లలు. అలియాబాద్ నుంచి సైకిల్ మీద వచ్చేవాణ్ణి. చదువు రాదు. నోటి లెక్క వచ్చు గానీ కాగితం మీది అంకె ఒక్కటీ తెలియదు. నోట్లను రంగు చూసి, బస్సులను పక్కవాణ్ణి అడిగి గుర్తుపట్టేవాణ్ణి. ఈ సంగతి తెలిస్తే పనిలోంచి తీసేస్తాడన్న భయంతో ఆయనకు చెప్పలేదు. ఎవరైనా కాగితం చేతికిస్తే "చేతులకు నూనుంది, నువ్వే చూసి చెప్పు" అనేవాణ్ణి. ఆ నూనె చేతులు నన్ను రెండేళ్లు కాపాడాయి.

ఆరు సిలిండర్ల ఇంజన్‌లో మంట ఒకటి, రెండు, మూడు అని వరసగా రాదు. ఒకచోట మండాక తర్వాతిది దూరంగా మండాలి, లేకపోతే ఇంజన్ ఊగిపోతుంది. మా షెడ్డుకు వచ్చే లారీలన్నిటిదీ ఒకటే వరస: ఒకటి, ఐదు, మూడు, ఆరు, రెండు, నాలుగు. నాకది పాటలా నోటికి వచ్చు.

ఒకనాడు సుగుణమ్మ ట్యాంకర్ వచ్చింది. ఆమెది షామీర్‌పేట. భర్త పోయాక డ్రైవర్ పక్కన తానే కూర్చొని బహదూర్‌పల్లి కొత్త కాలనీలకు నీళ్లు పోసి బతికేది. లారీ పాతది, ఇంజన్ ఇంకా పాతది, ఎక్కడో తుక్కు సామాన్ల దగ్గర కొని బిగించింది. డీజిల్ పంపు బాగుచేసి పెట్టాం. ఇక పంపు చుట్టూ ఉన్న ఆరు మూతుల నుంచి ఆరు సిలిండర్లకు పైపులు మంట వరసలో కలపాలి. దావీదన్నకు సికింద్రాబాద్‌లో పని పడింది. పోతూ పోతూ "నర్సింలూ, గది మనకు తెల్వని ఇంజన్. పక్కన ఇత్తడి బిళ్ల ఉంటది, దాని మీద వరస సూసి పైపులు పెట్టు" అన్నాడు.

బిళ్ల కనబడింది. దాని మీద గీతలు, సున్నాల్లాంటివి ఉన్నాయి. కాసేపు చూసి, నా పాట ప్రకారం పైపులు బిగించాను.

స్టార్ట్ చేస్తే తెల్లటి పొగ. ఇంజన్ దగ్గింది, తన్నింది, లారీ మొత్తం వణికింది.

"ఏందయ్యా, నీళ్లు మోసే బండా, దయ్యం పట్టిన బండా?" అంది సుగుణమ్మ. "కాలనీల ఆంధ్రోళ్లు 'నీళ్లెప్పుడొస్తాయండీ' అని పొద్దుగాల నుంచి పానం తీస్తున్నరు. ఇయ్యాల గూడ పోకపోతే ఇంకో ట్యాంకర్‌ను పెట్టుకుంటమన్నరు. ఇగ నేనేం తిని బతకాలె?"

అంతలో దావీదన్న వచ్చాడు. ఇంజన్ ఆపి, నా వైపు చూశాడు.

"బిళ్ల సూసినవా?"

"సూసిన."

"ఏం రాసుంది?"

"ఒకటి, ఐదు, మూడు, ఆరు, రెండు, నాలుగు."

ఆయన వంగి బిళ్ల చూశాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. లేచి గుడ్డతో చెయ్యి తుడుచుకుంటూ సుగుణమ్మతో అన్నాడు: "గ్రీజు పట్టింది చెల్లే, అక్షరం కనబడ్త లేదు. వీనిది తప్పు లేదు. ఇంజన్‌నే అడుగుదాం."

నేనూ చూశాను. ఇందాక తళతళలాడిన బిళ్ల నల్లగా ఉంది.

పై మూత విప్పాం. ఆయన ఇంజన్‌ను చేత్తో మెల్లగా తిప్పుతుంటే, గాలి లోపలికి పోయే వాల్వులు ఏ వరసలో కిందికి దిగుతున్నాయో నేను చూడాలి. అవి ఏ వరసలో దిగితే మంటా అదే వరస. "నోటికొచ్చింది చెప్పకు, కంటికి కనబడ్డదే చెప్పు" అన్నాడు. ఒకటి దిగింది. తర్వాత ఐదోది దిగుతుందని దాని మీదే చూపు పెట్టాను. దిగింది నాలుగోది. మళ్లీ తిప్పించాను. మళ్లీ నాలుగోదే. ఒకటి, నాలుగు, రెండు, ఆరు, మూడు, ఐదు. సుద్దముక్కతో మూత మీద అన్నేసి గీతలు గీశాను. నా పాటలో ఒకటీ ఆరూ మాత్రమే సరైన చోట పడ్డాయి. ఆ రెంటితోనే ఇంజన్ అంతసేపు దగ్గింది.

పైపులు మార్చి స్టార్ట్ చేస్తే నున్నగా పలికింది. "ఇగ గిది ఇంజన్" అని సుగుణమ్మ డ్రైవర్‌ను చాయ్‌కి పిలుచుకుపోయింది.

అప్పుడు దావీదన్న కిరోసిన్ గుడ్డతో బిళ్ల తుడిచాడు. నా వేలు పట్టుకొని మొదటి గుర్తు మీద పెట్టాడు. "గిది ఒకటి. గిది నువ్వు పట్టిన నాలుగు. గిది రెండు." ఆరూ అయ్యాక వేలు వదిలాడు.

"సదువు రాకపోవుడు తప్పు గాదు. సూసిన అన్నవ్ సూడు, గది తప్పు. గట్లనే నడిపితే ఇంజన్ పగిలిపోతుండె. గామె బతుకు పోతుండె."

పనిలోంచి తీసేస్తాడనుకున్నాను. "రేపటి సంది అరగంట ముందుగాల రా" అన్నాడు. అంకెలు అయ్యాక సామాన్ల డబ్బాల మీది అక్షరాలు, ఆ తర్వాత పాత పేపర్లు చదివించాడు. రోజూ తిట్టేవాడు. నేర్చుకోవడానికి మూడేళ్లు పట్టింది.

ఆయన మంచాన పడ్డాక పేపర్ చదివి వినిపించడానికి పోయేవాణ్ణి. ఒకరోజు అడిగాను: "అన్నా, ఆ దినం బిళ్లకు గ్రీజు పూసింది నువ్వే గదా?"

"ఏ గ్రీజురా? నాకంటె ముందు నీకే మతి పోయింది. సదువు."

ఇప్పుడు బ్యాంకుకు పోతే, నా వయసువాళ్లు ఎవరో ఒకరు కాగితం నా ముందు పెట్టి అద్దాలు మర్చిపోయామంటారు. మొన్న ఒక ముసలామె అట్లాగే అంది. అద్దాలు ఆమె మెడలోనే వేలాడుతున్నాయి. నేను కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాను.

"అచ్చు మాసిపోయిందమ్మా, నాకూ సరిగ్గ కనబడ్త లేదు" అన్నాను. "ఇటు రా, ఇద్దరం కలిసి సూద్దాం."