కూరగాయల అక్క ఇచ్చిన గోలీలు

మొన్న ఆదివారం తుర్కయాంజాల్‌లో మా చెల్లెలి కూతురి ఇంటికి వెళితే, ఆ పిల్ల రక్తపరీక్ష కాగితాలు చేతిలో పట్టుకుని బిక్కమొహం వేసుకుని కూర్చుంది. థైరాయిడ్ గ్రంథి ఉండవలసిన దానికంటే ఎక్కువగా పనిచేస్తోందట. "పెద్దమ్మా, నా జాబ్ ఉంటదో పోతదో" అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వకూడదని తెలుసు గానీ, ఇదే జబ్బుతో, ఇదే భయంతో ఇబ్రహీంపట్నం బస్సులో నేను వణికిన రోజులు కళ్ల ముందుకొచ్చాయి.

అప్పుడు నేను కండక్టర్ని. ఆడవాళ్లు ఆ ఉద్యోగంలో చేరుతున్న కొత్త రోజులు, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, టికెట్ల పెట్టె పట్టుకుని జనాన్ని తోసుకుంటూ పోతుంటే ఈ పిల్ల ఎన్నాళ్లు చేస్తుందో అని మగవాళ్లు నాకు వినబడేట్టే అనుకునేవాళ్లు. నేనూ మాట పడే రకం కాదు. అలాంటిది ఒక ఎండాకాలం నా వేళ్లు నా మాట వినడం మానేశాయి. ఒక టికెట్ చింపబోతే రెండు వచ్చేవి, గుండె దడదడలాడేది, ఇంట్లో అందరికంటే ఎక్కువ తింటున్నా జాకెట్లు వదులైపోయాయి, చిల్లర కోసం ఎవరైనా రెండోసారి అడిగితే చాలు విరుచుకుపడేదాన్ని. చేతులు ఇలాగే వణికితే ఇంటికి పంపిస్తానని పైఅధికారి చెప్పేశాడు. ఇల్లు గడవడం మాట అటుంచి, ఆ మగవాళ్ల మాట నిజమవుతుందన్నదే నా బాధ.

దవాఖానలో పరీక్ష చేసి థైరాయిడ్ అన్నారు, మందు రాసే పెద్ద డాక్టరు మరో వారానికి గానీ రాడన్నారు. ఆ సంగతి మొదట చెప్పింది రోజూ మా బస్సులో గంపతో ఎల్బీనగర్ దాకా వచ్చే కూరగాయల అక్కకు. విన్నదే తడవు కొంగుముడి విప్పి తన గోలీలు నా చేతిలో పోసింది.

"నాది గూడ గదే బీమారు. నాకు మంచిగైంది, నీకు కాదా? ఫికర్ చెయ్యకు, మింగు."

మన దగ్గర అదే పద్ధతి కదా, కళ్లద్దాలు కూడా ఒకరివి ఒకరం పెట్టుకునేవాళ్లం. మింగాను. ఆమె గ్రంథి మందకొడిగా పనిచేసేది, నాది పట్టపగ్గాల్లేకుండా పరిగెత్తేది, ఆమె మందు నాకు విషమని ఇద్దరికీ తెలియదు. వారం తిరక్కుండానే సాగర్ రోడ్డు మీద నడుస్తున్న బస్సులోనే కూలబడ్డాను.

డాక్టరు నన్ను తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టి, ఆ గోలీలు మాన్పించి, నా జబ్బుకు తగిన మందు ఇచ్చి, గుణం కనబడడానికి కొన్ని వారాలు పడుతుందన్నాడు. కొత్త ఉద్యోగం, సెలవుల్లేవు, ఆ వారాలే నాకు గండం. సంగతి చెబితే అక్క బస్సులోనే భోరుమంది. "నా చేతులతోనే నిన్ను సంపుకుంటుంటి గదనే" అని నా గడ్డం పట్టుకుంది. మర్నాటి నుంచి నన్ను సీట్లోంచి లేవనిచ్చేది కాదు. "పిల్లకు పానం బాగలేదు, పైసలు ముందటికియ్యుండ్రి" అని బస్సంతా వినబడేట్టు కేకవేసేది. డబ్బులు చేతులు మారుతూ నా దాకా వచ్చేవి, టికెట్లు అదే దారిన వెనక్కి పోయేవి. నన్ను ఎగతాళి చేసిన మగవాళ్లు కూడా కిక్కురుమనకుండా అందించేవాళ్లు. వేళ్లు కుదురుకునేదాకా నా ఉద్యోగం ఆ బస్సే చేసింది, ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేనే చేశాను, ఎవరూ దింపలేకపోయారు.

ఇదంతా చెప్పేసరికి పిల్ల మొహం తేటపడింది. దానికి సరైన డాక్టరు దొరికాడు, సరైన మందు ఇంటికే వచ్చింది. నయమవుతుంది, నాకే సందేహమూ లేదు. ఆదిభట్లలో నీతో పనిచేసేవాళ్లకు ఎవరికైనా చెప్పావా అని అడిగితే మాత్రం తల అడ్డంగా ఊపింది. కంపెనీ బస్సులో రోజూ పక్కన కూర్చునే అమ్మాయి పేరు కూడా తెలియదట. వచ్చేటప్పుడు దారి పొడుగునా నాకు అదే దిగులు. ప్రేమకొద్దీ తప్పు మందు ఇచ్చేటంత దగ్గరి మనిషి కూడా ఆ పిల్లకు లేదు.