రెండు గంటల పది నిమిషాలు

పక్షవాతం వార్డులో సీనియర్ నర్సుని అందరూ పెద్దక్క అనేవారు. తనకంటే పదేళ్లు పెద్దవాళ్లయిన రోగులు కూడా పెద్దక్కా అనే పిలిచేవారు. ఆవిడ అలవాటు పడిపోయింది.

ఇరవయ్యారేళ్లుగా ఆవిడ పని మనుషుల్ని ఒత్తిగిలబెట్టడం. పక్షవాతం వచ్చిన మనిషి తనంతట తాను పక్కకి తిరగలేడు. రెండు గంటలకోసారి తిప్పకపోతే వీపు పుండ్లు పడుతుంది. తిప్పడానికి ఇద్దరుండాలి. అందుకే పొద్దుటి డ్యూటీకి నలుగురు నర్సులు. ఆ నలుగురికీ ఊపిరి సలపదు.

అలాంటి వార్డులోకి పరిశోధన చేసే అమ్మాయి ఒకతె లాప్‌టాప్‌తో దిగింది. నర్సులకి తలో బిళ్ల ఇచ్చి కోటుకి పిన్నుతో గుచ్చుకోమంది. ప్రతి మంచం పక్కనా, మందుల బీరువా, బాత్‌రూమ్, డెస్కుల పక్కనా గోడకి ఆ బిళ్లని పసిగట్టే చిన్న పెట్టె బిగించింది. ఎవరు ఎక్కడ ఎన్ని నిమిషాలున్నారో బిళ్ల చెబుతుంది, ఏ రోగి ఎలా కోలుకున్నాడో కేసుషీటు చెబుతుంది. రెండూ కలిపి చూస్తే వార్డుకి ఎంతమంది నర్సులు కావాలో తేలుతుందట.

"మంచిదేనమ్మా, ఇన్నాళ్లకి మా కాళ్ల గోడు వినేవాళ్లొచ్చారు" అంది పెద్దక్క.

నెల తిరిగేసరికి సూపరింటెండెంట్ పిలిచాడు. చెడ్డవాడేం కాదు, కాగితం మీదున్నదే నమ్మే రకం.

"రోజుకి రెండు గంటల పది నిమిషాలు మీరు డెస్కు దగ్గరే కూర్చుంటున్నారు. అంటే వార్డులో పని తక్కువ. ఒకటో తారీఖు నుంచి నలుగురిలో ఒకర్ని ఓపీకి పంపేస్తున్నాను."

పెద్దక్కకి ఒళ్లు మండిపోయింది. ఇద్దరు మనిషిని తిప్పుతుంటే, మిగతా వార్డంతా ఒక్కతి నెత్తిన పడుతుంది. పుండ్లు పడేది ఈయన వీపుకి కాదుగా!

పరిశోధన అమ్మాయి మాత్రం తనే వెతుక్కుంటూ వచ్చింది. "అందరికంటే ఎక్కువసేపు కూర్చునేది మీరు. మీ మంచాల్లో ఒక్కరికీ పుండు లేదు. నాకు అర్థం కావట్లేదు. ఇవాళ మీ వెంటే ఉంటాను."

పది నిమిషాలు కూడా పట్టలేదు. ఒక ముసలాయనకి ఒళ్లు తుడవబోతూ పెద్దక్క కోటు విప్పి, పెన్నూ వాచీ బిళ్లతో సహా డెస్కు దగ్గర కుర్చీకి తగిలించి, ప్లాస్టిక్ ఏప్రాన్ కట్టుకుంది.

"అయ్యో, బిళ్ల తీసేశారే!"

"ముసలివాళ్ల చర్మం తడిసిన కాగితంలా ఉంటుందమ్మా. పిన్ను గీసుకుంటే చీరుకుపోతుంది. రోగిని ముట్టుకునే ముందు గుచ్చుకునేదేదీ ఒంటి మీద ఉండకూడదని నాకు పని నేర్పినావిడ మొదటిరోజే చెప్పింది."

నెలంతా కూర్చున్నది కోటు. చాకిరీ చేసింది పెద్దక్క.

పరిశోధన అమ్మాయి వెళ్లి ఆ మాట చెప్పినా సూపరింటెండెంట్ వినలేదు. నోటిమాట కుదరదు, వారం రోజులు మళ్లీ లెక్క చూపించమన్నాడు. బిళ్ల ఎక్కడ పెట్టుకోవాలి? మెడలో వేసుకుంటే రోగి మొహాన వేలాడుతుంది. నడుముకి కట్టుకుంటే వంగినప్పుడు రోగికి ఒత్తుకుంటుంది. అందరికంటే చిన్న నర్సు వేళాకోళానికి అంది: "కొప్పులో పెట్టుకో పెద్దక్కా!"

పెద్దక్క నిజంగానే పెట్టుకుంది. పిన్ను ఊడబీకి, రబ్బరుబ్యాండుతో కొప్పులో బిగించింది. మొదటిరోజు మర్చిపోయి అలాగే ఇంటికెళితే, "ఏమిటే, బుర్రకి నంబరు వేశారా?" అన్నాడు మొగుడు. ఆవిడకి నవ్వే ఓపిక లేదు.

ఎనిమిదో రోజు సూపరింటెండెంట్ కాగితం చదువుతున్నాడు. ఒక్కో మంచం, మందుల బీరువా, బాత్‌రూమ్. చదువుతూ చదువుతూ ఆగాడు.

"డెస్కు దగ్గర రోజుకి పదకొండు నిమిషాలు. ఇదేదో తప్పులా ఉందే. మరి భోజనం ఎప్పుడు చేస్తున్నారు?"

"ఆ పదకొండూ భోజనమేనండీ."

ఆయన కాగితం పక్కన పెట్టాడు. ఓపీకి పంపే ఆర్డరు తీసి అడ్డంగా కొట్టేశాడు.

కూర్చుంటున్నావన్న రోజు రాని ఏడుపు పెద్దక్కకి అప్పుడొచ్చింది. ఇన్నేళ్లలో ఆ గదిలో ఆవిణ్ణి ఎప్పుడు తింటున్నావని అడిగినవాళ్లు లేరు. వార్డు గుమ్మంలో ముగ్గురూ ఎదురుచూస్తున్నారు. ఏమైందని అడిగారు. పెద్దక్క చెయ్యెత్తి నాలుగు వేళ్లు చూపించింది.